పాత కంప్యూటర్‌కి పెద్ద మానిటర్: కొనేముందు వేసుకోవాల్సిన ఒక్క లెక్క

తెనాలిలో మా బాబాయిది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఎవరిదో ఒక శతకం. ఆయన కంప్యూటర్ 2012 నాటిది. ఇంటెల్ ఐ5, మూడో తరం. మార్చమంటే మార్చడు. "పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ దీంట్లో కుదురుకున్నాయిరా. ఇది కదిపితే నా బతుకు బస్టాండే" అంటాడు. డీటీపీ వాళ్లతో పరిచయం ఉన్నవాళ్లకి ఈ మాట కొత్త కాదు.

కళ్లు లాగుతున్నాయని ఈ మధ్య 27 అంగుళాల మానిటర్ కొన్నాడు, 2560×1440 ది. హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించి నాకు ఫోన్ చేశాడు. "బొమ్మ వచ్చిందిరా, కానీ అక్షరాలు నీళ్లలో నానినట్టున్నాయి." వీడియో కాల్‌లో చూపించాడు. పది పాయింట్లలో కొట్టిన "లక్ష్మీనరసింహ"లో క్ష కింద మ వత్తు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియట్లేదు. అంతా ఒకే నల్లటి ముద్ద. సెట్టింగ్స్‌లోకి వెళ్తే పైకి 1920×1080 మించి ఒక్క అంకె కూడా లేదు.

మానిటర్ పాడవలేదు, కేబుల్ పాడవలేదు. 1920 చుక్కల బొమ్మని మానిటర్ 2560 చుక్కల మీదకి సాగదీస్తోంది. అంటే ఒక్కో చుక్కకి ఒకటీ పావు కంటే ఎక్కువ చోటు వస్తుంది. చుక్కని ముక్కలు చెయ్యలేదు కాబట్టి అంచులు పూసేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలైతే ఆ పూతని ఎలాగో తట్టుకుంటాయి. తెలుగులో వత్తులు, గుడి, దీర్ఘం అన్నీ రెండు మూడు చుక్కల వెడల్పులో ఇరుక్కుని ఉంటాయి కదా, ముందు పోయేవి అవే. అందుకే మానిటర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలంటే నేను ఏ టెస్ట్ బొమ్మలూ పెట్టను. నోట్‌ప్యాడ్ తెరిచి "లక్ష్మి", "రాష్ట్రం", "స్వాతంత్ర్యం" అని చిన్న సైజులో కొడతాను.

బాబాయి చేసిన పొరపాటు మీరు చెయ్యకుండా, వరసగా ఏం చూసుకోవాలో చెబుతాను.

మొదట: లోపలున్న చిప్ ఏది?

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని కొట్టండి. సిస్టమ్ ట్యాబ్‌లో ప్రాసెసర్ పేరు, డిస్‌ప్లే ట్యాబ్‌లో గ్రాఫిక్స్ పేరు ఉంటాయి. రెండూ కాగితం మీద రాసుకోండి. డిస్‌ప్లే దగ్గర "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని కనిపిస్తే ఇక్కడే ఆగండి. అసలు డ్రైవరే, అంటే గ్రాఫిక్స్‌ని నడిపే సాఫ్ట్‌వేరే, లేదన్నమాట. మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ వేసి మళ్లీ చూడండి. సగం మంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.

ఇంటెల్ ప్రాసెసర్ పేరులో ఐ5 తర్వాత వచ్చే నాలుగంకెల్లో మొదటిది తరం. 3470 అంటే మూడో తరం, 4590 అంటే నాలుగోది. గ్రాఫిక్ కార్డు లేని మామూలు కంప్యూటర్లలో బొమ్మ పంపేది ఈ ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే కాబట్టి తరం తెలిస్తే హద్దు తెలుస్తుంది.

రెండు, మూడు తరాల్లో (2011, 2012) హెచ్‌డీఎంఐ నుంచి అధికారికంగా 1920×1200 వరకే. అదే చిప్ డిస్‌ప్లేపోర్టు (మానిటర్ తగిలించే ఇంకో రకం పోర్టు) నుంచి మాత్రం 2560×1600 ఇస్తుంది. నాలుగో తరం (2013) నుంచి హెచ్‌డీఎంఐలో 4కే (3840×2160) వస్తుంది కానీ సెకనుకి 24, 30 ఫ్రేముల దగ్గరే. డిస్‌ప్లేపోర్టులో 4కే 60 వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. నాలుగో తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో పేరు చివర యూ ఉన్నవాటికి, ఉదాహరణకి ఐ5 4300యూకి, డిస్‌ప్లేపోర్టులో కూడా 3200×2000 వరకే.

ఇంకో సంగతి. ఆరు, ఏడు, ఎనిమిది తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కూడా సొంతంగా హెచ్‌డీఎంఐ 1.4 ని దాటవు, అంటే 4కే 30 దగ్గరే ఆగుతాయి. కొందరు తయారీదారులు బోర్డు మీద వేరే చిప్ పెట్టి 2.0 ఇచ్చారు, అంతే. "మాది 2018 మోడల్, కొత్తదే" అనుకుని 4కే మానిటర్ కొన్నవాళ్లు బాణం గుర్తు నత్తలా జరుగుతుంటే చూసి తల పట్టుకునేది ఇందుకే.

ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా చిప్ ఉందని ధీమా పడొద్దు. చాలా పాత ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు వైరింగ్ ఇంటెల్ గ్రాఫిక్స్‌కే ఉంటుంది. ఎన్విడియా గీసిన బొమ్మ కూడా ఆ దారినే బయటకి రావాలి.

రెండోది: వెనక ఉన్న పోర్టులు

సీపీయూని వెనక్కి తిప్పి, దుమ్ము తుడిచి చూడండి. నీలం రంగు, పదిహేను పిన్నులది వీజీఏ. ఇది అనలాగ్. 1080 వరకు ఫర్వాలేదు, ఆపైన అక్షరాల అంచుల్లో నీడలు పడతాయి. పెద్ద మానిటర్‌కి దాన్ని లెక్కలోంచి తీసేయండి.

తెల్లటి వెడల్పాటిది డీవీఐ. ఇందులో సింగిల్ లింక్, డ్యూయల్ లింక్ అని రెండు రకాలు. సింగిల్ లింక్ 1920×1200 దగ్గర ఆగుతుంది, డ్యూయల్ లింక్ 2560×1600 దాకా వెళ్తుంది. మోసపోయేది ఇక్కడే. మదర్‌బోర్డు మీద పోర్టుకి డ్యూయల్ లింక్ రంధ్రాలన్నీ ఉన్నా, లోపలి ఇంటెల్ గ్రాఫిక్స్ సింగిల్ లింకే ఇస్తుంది. రంధ్రాలు అలంకారమే. విడిగా పెట్టిన గ్రాఫిక్ కార్డు మీదున్న డీవీఐ అయితే సాధారణంగా డ్యూయల్ లింకే, అయినా మోడల్ చూసుకోవాలి.

హెచ్‌డీఎంఐ అందరికీ తెలుసు. డిస్‌ప్లేపోర్టు దాదాపు అలాగే ఉంటుంది కానీ ఒక మూల మాత్రమే కోసినట్టుంటుంది. ఆఫీసుల నుంచి వచ్చిన పాత మెషీన్లలో ఇది చాలా సామాన్యం. డెల్ ఆప్టిప్లెక్స్ 7010, 9020 వెనక రెండేసి ఉంటాయి. థింక్‌ప్యాడ్ టీ430, ఎక్స్230 లలో చిన్న సైజుది, అంటే మినీ డిస్‌ప్లేపోర్టు. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్‌హ్యాండ్ మెషీన్ చూస్తుంటే హెచ్‌డీఎంఐ ఉందా అని అడగకండి, డిస్‌ప్లేపోర్టు ఉందా అని అడగండి. నా మాట వింటే, పాత కంప్యూటర్‌లో ఈ పోర్టు ఉండటం లాటరీ తగిలినట్టే.

మూడోది: లెక్క

కాసేపు ఓపిక పట్టండి, అసలు విషయం ఇదే. కేబుల్‌లో సెకనుకి ఎన్ని చుక్కలు పోవాలో చెప్పే అంకెని పిక్సెల్ క్లాక్ అంటారు. వెడల్పు × ఎత్తు × సెకనుకి ఫ్రేములు. 2560×1440ని 60తో గుణిస్తే 22 కోట్ల 12 లక్షలు, అంటే 221 మెగాహెర్ట్జ్. కానీ ప్రతి వరస చివరా, ప్రతి ఫ్రేము చివరా కొంత ఖాళీ సమయం వదలాలి. పాత డబ్బా మానిటర్లలో గీత వెనక్కి తిరిగి రావడానికి వదిలిన ఖాళీ అది. ఆ డబ్బాలు పోయినా అలవాటు పోలేదు. ఆ ఖాళీని బాగా తగ్గించినా 1440 కి 241.5 మెగాహెర్ట్జ్ అవుతుంది.

మామూలు 1920×1080, 60 హెర్ట్జ్‌కి (అంటే సెకనుకి 60 ఫ్రేములకి) 148.5 కావాలి. 4కే 30 హెర్ట్జ్‌కి 297. 4కే 60 కి ఖాళీ తగ్గిస్తే 533, టీవీ లెక్క ప్రకారం 594.

ఇప్పుడు దారి వెడల్పు చూడండి. సింగిల్ లింక్ డీవీఐ, మొదటి తరం హెచ్‌డీఎంఐ 165 వరకు. హెచ్‌డీఎంఐ 1.3, 1.4 కాగితం మీద 340 వరకు. 2013లో వచ్చిన 2.0 అయితే 600. డిస్‌ప్లేపోర్టు 1.1 కి 1440 సులువు, 1.2 కి 4కే 60 సులువు.

మరి మా బాబాయి పోర్టు హెచ్‌డీఎంఐ 1.4 కదా, 241.5 అందులో హాయిగా పట్టాలి కదా? పోర్టు మీద రాసింది వేరు, చిప్ తోసేది వేరు. రెండు, మూడు తరాల ఇంటెల్ గ్రాఫిక్స్ హెచ్‌డీఎంఐలోకి 225 మెగాహెర్ట్జ్ మించి తొయ్యదు. 241.5 కావాలి, 225 ఉంది. పదహారున్నర తక్కువ. అందుకే డ్రైవర్ 1440ని జాబితాలోనే చూపించదు. నాలుగో తరంలో ఇదే హద్దు 300 అయింది, 1440 పట్టింది.

చిప్, పోర్టు, కన్వర్టర్, కేబుల్, మానిటర్ ఇన్‌పుట్. ఈ ఐదింటిలో ఏది తక్కువైతే మీకు దక్కేది అంతే. కొనేముందు ఐదు అంకెలూ రాసుకోండి.

నాలుగోది: ఏ మానిటర్ కొనాలి?

పాత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి నేను 4కే వద్దంటాను. 27 అంగుళాల్లో 1440 అంటే అంగుళానికి దాదాపు 109 చుక్కలు. విండోస్ స్కేలింగ్ (తెర మీద అన్నిటి సైజూ పెంచే సెట్టింగ్) 100 శాతం దగ్గర పెట్టినా అక్షరాలు చదవగలం. అదే సైజులో 4కే అంటే 163 చుక్కలు. స్కేలింగ్ 150 శాతం చెయ్యక తప్పదు. పేజ్‌మేకర్ లాంటి పాత ప్రోగ్రాములకి ఈ స్కేలింగ్ అంటే ఏమిటో తెలియదు, కాబట్టి విండోసే వాటిని సాగదీస్తుంది. డబ్బు ఎక్కువ పెట్టి మళ్లీ అదే మసక కొనుక్కున్నట్టు. సినిమాలు, ఫొటోల కోసమైతే 4కే సంగతి వేరు.

మానిటర్ వెనక ఇన్‌పుట్‌లు కూడా చదవండి. కొన్ని పాత 1440 మానిటర్లు డిస్‌ప్లేపోర్టులో మాత్రమే పూర్తి రిజల్యూషన్ తీసుకుంటాయి, హెచ్‌డీఎంఐలో 1080 దగ్గరే ఆగుతాయి.

ఐదోది: కేబుల్, కన్వర్టర్

కేబుల్‌కి వెర్షన్ ఉండదు. "2.0 కేబుల్" అని అమ్మేది మాటవరసకి. ప్యాకెట్ మీద "హై స్పీడ్" అని ఉంటే 1440 కి, 4కే 30 కి చాలు. 4కే 60 కి "ప్రీమియం హై స్పీడ్" అని ఉండాలి. పొడవు రెండు మీటర్లు దాటకుండా చూసుకోండి.

కన్వర్టర్‌కి దిశ ఉంటుంది. నేనూ ఒకసారి ఇక్కడ బోల్తా పడ్డాను. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ, మానిటర్‌కి డిస్‌ప్లేపోర్టు. రెండు చివర్లూ సరిపోయే కేబుల్ అడిగాను, కొట్టతను ఇచ్చాడు. ఇంటికొచ్చి గంటసేపు పీకి పెట్టి, పీకి పెట్టి చూశాను. బొమ్మ రాలేదు. మామూలు కేబుల్ డిస్‌ప్లేపోర్టు ఉన్న కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ మానిటర్‌కే పంపుతుంది. తిరగేస్తే పనిచెయ్యదు. అటు పంపాలంటే యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకునే యాక్టివ్ కన్వర్టర్ కావాలి.

సరైన దిశలో కూడా చవక కన్వర్టర్లలో చాలావాటి హద్దు 165 మెగాహెర్ట్జే, అంటే 1920×1200. డిస్‌ప్లేపోర్టుకి రెండువైపులా డిస్‌ప్లేపోర్టే ఉన్న కేబుల్ వాడగలిగితే ఈ గొడవే లేదు. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉండి 4కే 60 కావాలంటే "యాక్టివ్", "4కే 60 హెర్ట్జ్" రెండు మాటలూ ప్యాకెట్ మీద ఉన్న కన్వర్టరే కొనండి.

యూఎస్‌బీ సీ ఉన్న కాస్త పాత ల్యాప్‌టాప్ అయితే, ఆ పోర్టు బొమ్మ పంపుతుందో లేదో ముందు చూడండి. అన్నీ పంపవు. పంపే పోర్టైనా, పక్కన వేగమైన యూఎస్‌బీ పోర్టులు కూడా ఉన్న హబ్ పెడితే తరచు 4కే 30 కే పడిపోతుంది. ఉన్న నాలుగు లేన్లలో (సిగ్నల్ పోయే దారుల్లో) రెండు డేటాకి పోతాయి మరి.

ఆరోది: తగిలించాక

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, డిస్‌ప్లే సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్, డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్. అక్కడ "లిస్ట్ ఆల్ మోడ్స్" నొక్కండి. మీ మానిటర్ అసలు రిజల్యూషన్ అందులో ఉంటే ఎంచుకోండి, పని అయిపోయింది.

బొమ్మే రాకపోతే కంప్యూటర్ జోలికి వెళ్లేముందు మానిటర్ మెనూ చూడండి. కొత్త మానిటర్లలో డిస్‌ప్లేపోర్టు వెర్షన్ 1.1, 1.2, 1.4 అని మార్చే ఆప్షన్ ఉంటుంది. పాత చిప్‌లు కొన్ని 1.4 దగ్గర బిత్తరపోతాయి. 1.1 కి దించితే 1440 వచ్చేస్తుంది.

హెచ్‌డీఎంఐలో నలుపు బూడిదరంగులా కనిపిస్తే, కంప్యూటర్ మానిటర్‌ని టీవీ అనుకుంటోందని అర్థం. గ్రాఫిక్స్ ప్యానెల్‌లో క్వాంటైజేషన్ రేంజ్ "ఫుల్" చెయ్యండి. బొమ్మ అంచులు తెగితే ఓవర్‌స్కాన్ ఆపండి. రంగు అక్షరాల చుట్టూ మరకల్లా ఉంటే 4:2:0 అనే పొదుపు రంగులో పంపుతోందేమో చూడండి. సినిమాకి అది తెలియదు, ఎర్ర అక్షరాల శుభలేఖకి బాగా తెలుస్తుంది.

ఏడోది: 55 హెర్ట్జ్ చిట్కా

మూడో తరం, హెచ్‌డీఎంఐ, 1440 మానిటర్. అంటే మా బాబాయి కేసు. 225 హద్దు దాటకూడదు, చుక్కలు తగ్గించకూడదు. ఇక మిగిలింది వేగం. సెకనుకి 60 బదులు 55 ఫ్రేములు పంపితే? ఖాళీలతో కలిపి వరసకి 2720, నిలువుకి 1478. ఈ రెంటినీ 55తో గుణిస్తే 221 చిల్లర. 225 లోపే!

విండోస్‌లో కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, సీఆర్‌యూ అంటారు. పైన మీ మానిటర్ ఎంచుకుని, డీటెయిల్డ్ రిజల్యూషన్స్ దగ్గర "యాడ్" నొక్కండి. టైమింగ్‌కి రెడ్యూస్డ్ రకం ఎంచుకుని 2560, 1440, 55 ఇవ్వండి. పిక్సెల్ క్లాక్ 221 చుట్టుపక్కల చూపిస్తుంది. ఓకే చేసి కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యండి. ఆ తర్వాత ఆ రిజల్యూషన్ జాబితాలోకి వస్తుంది, దాన్ని ఎంచుకోండి. తెర నల్లగా అయిపోతే టెన్షన్ పడకండి. పదిహేను సెకన్లలో విండోస్ పాత సెట్టింగ్‌కి తిరిగి వెళ్తుంది. అలా వెళ్లకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ ప్రోగ్రాంతో పాటే వచ్చే "రీసెట్ ఆల్" నడపండి. అందుకే వీజీఏకి పాత మానిటర్ తగిలించి ఉంచుకుని ఈ పని మొదలుపెట్టడం మంచిది.

లినక్స్ వాళ్లకి ఇది ఇంకా తేలిక. ఎక్స్‌ర్యాండ్‌ఆర్ (xrandr) లో కొత్త మోడ్‌కి ఈ అంకెలు వరసగా ఇవ్వండి: 221.00, 2560 2608 2640 2720, 1440 1443 1448 1478. తర్వాత ఆ మోడ్‌ని మీ హెచ్‌డీఎంఐకి జోడించి ఆన్ చెయ్యడమే. రీస్టార్ట్ చేస్తే పోతుంది కాబట్టి స్టార్టప్‌లో పెట్టుకోండి. వేలాండ్‌లో నడవదు, ఎక్స్ సెషన్‌లోకి వెళ్లాలి.

ఇది అన్నిచోట్లా పనిచేస్తుందని హామీ ఇవ్వలేను. కొన్ని డ్రైవర్లు ఒప్పుకోవు. కొన్ని బోర్డుల్లో హెచ్‌డీఎంఐ సర్క్యూటే 165 కి మించి తట్టుకోదు. కొన్ని మానిటర్లు 55 అంటే మొహం తిప్పుకుంటాయి. 50 కూడా ఒకసారి ప్రయత్నించండి. ఆఖరికి 30 హెర్ట్జ్ వస్తుంది కానీ రోజంతా పనిచేసేవాళ్లకి నేను చెప్పను. మౌస్ చేతికి బరువుగా తగులుతుంది.

ఎనిమిదోది: కుదరకపోతే

డెస్క్‌టాప్ అయితే చిన్న గ్రాఫిక్ కార్డు పెట్టండి. ఎన్విడియా జీటీ 1030కి 30 వాట్లు చాలు, పవర్ సప్లై మార్చక్కర్లేదు. హెచ్‌డీఎంఐ 2.0 కాబట్టి 4కే 60 కూడా ఇస్తుంది. దాని కంటే చవగ్గా దొరికే జీటీ 710 హెచ్‌డీఎంఐ 1.4 దే. 1440 కి చాలు, 4కే అయితే 30 దగ్గరే ఆగుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో క్వాడ్రో పీ400 దొరికితే ఇంకా మంచిది. మూడు మినీ డిస్‌ప్లేపోర్టులు, అదే 30 వాట్లు. సన్న క్యాబినెట్ అయితే పొట్టి బ్రాకెట్ ఉందో లేదో కొట్లోనే చూసుకోండి.

కార్డు పెట్టాక కేబుల్‌ని కార్డుకే తగిలించండి. నవ్వకండి, మదర్‌బోర్డు పోర్టులోనే ఉంచేసి కార్డు పాడైందని వాపసు పంపినవాళ్లు నాకు తెలుసు. కార్డుకీ, మదర్‌బోర్డుకీ రెండింటికీ మానిటర్లు కావాలంటే బయాస్ (కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే సెట్టింగ్స్) లో మల్టీ మానిటర్ పేరుతో ఉండే ఆప్షన్ ఆన్ చెయ్యాలి.

ల్యాప్‌టాప్‌కి కార్డు పెట్టలేం. అప్పుడు డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ ఒక దారి. యూఎస్‌బీ 3 పోర్టు తప్పనిసరి. బొమ్మని కుదించే పని ప్రాసెసర్ మీద పడుతుంది, వీడియో చూస్తే ఫ్యాన్ గోల మొదలవుతుంది. విండోస్ లోడ్ అయ్యేదాకా ఆ మానిటర్ నల్లగానే ఉంటుంది. టైపింగుకి, ఎక్సెల్‌కి ఫర్వాలేదు. ఆఫీసు రకం ల్యాప్‌టాప్ అయితే దాని డాకింగ్ స్టేషన్ వెతకండి. ల్యాప్‌టాప్‌కి బయట లేని డిస్‌ప్లేపోర్టు చాలాసార్లు డాక్ మీద ఉంటుంది.

బాబాయికి కార్డు అవసరం రాలేదు. ఫోన్‌లో ఒక్కో అంకె చెబుతుంటే ఆయన కొట్టాడు. రీస్టార్ట్ అయ్యాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

"బాబాయ్?"

"ఉండరా. మ వత్తు తోక కనిపిస్తోంది."

పాత 19 అంగుళాల మానిటర్ ఇప్పుడు పక్కన వీజీఏ మీద ఉంది. దాంట్లో పేజ్‌మేకర్ టూల్స్ డబ్బాలు, పెద్దదాంట్లో పేజీ. 55 హెర్ట్జ్ సంగతి ఆయనకి నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు.